దివాను రాజ్యం – మన్య సంస్థానాలు: పూసపాటి సీతారామరాజు ఉత్థాన పతనాలు, పాచిపెంట నేపథ్యం

వ్యాససంగ్రహం:

పద్దెనిమిదో శతాబ్ది ఉత్తరార్ధంలో విజయనగర సంస్థానాన్ని దాదాపు మూడు దశాబ్దాలపాటు నడిపించినవాడు పట్టాభిషిక్తుడైన రాజు కాదు, దివానుగా ఉన్న పూసపాటి సీతారామరాజు. బాలుడైన తమ్ముని పేరుమీద అధికారం చేపట్టి, తూర్పు కనుమల పాదాలనున్న పాచిపెంట, సాలూరు, మాడుగుల వంటి కొండ సంస్థానాలను అణచి, ఈస్టిండియా కంపెనీ అండతో నిలబడి, చివరికి ఆ కంపెనీ ఆజ్ఞతోనే మద్రాసుకు వెళ్లిపోయిన ఈ దివాను చరిత్రను మన్య సంస్థానాల వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. అతని అధికారాన్ని నిలబెట్టిన ఆధారాలే అతని పతనానికి కారణాలుగా ఎలా మారాయో, ఆ పతనం కొండ ప్రాంతానికి ఏమి మిగిల్చిందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పాచిపెంట, విజయనగర సంస్థానం, దివాను, సీతారామరాజు, పేష్కషు, మన్యం, పద్మనాభ యుద్ధం.

1. ఉపోద్ఘాతం

ఉత్తరాంధ్ర చరిత్రలో ప్రజల నోట నిలిచిన ఘట్టాలు రెండు. ఒకటి 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం. రెండోది 1794 జూలై 10న జరిగిన పద్మనాభ యుద్ధం. మొదటిదానిలో బొబ్బిలి కోట నేలమట్టమైంది, ఆ వెంటనే విజయనగర ప్రభువు పెద విజయరామరాజు తాండ్ర పాపారాయుని చేతిలో హతుడయ్యాడు. రెండోదానిలో చిన విజయరామరాజు కంపెనీ సిపాయిలతో పోరాడి నేలకొరిగాడు. ఈ రెండు యుద్ధాలకు నడుమ గడిచిన ముప్పై ఏడేళ్ల కాలం మాత్రం కథలకు, పాటలకు అంతగా ఎక్కలేదు. నిజానికి కొండ సంస్థానాల తలరాత మారింది ఆ నడిమి కాలంలోనే. ఆ మార్పును నడిపించిన వ్యక్తి సీతారామరాజు.

రాజును సింహాసనం మీద కూర్చోబెట్టి మంత్రి రాజ్యమేలడం ఆ కాలానికి కొత్త కాదు. మరాఠా రాజ్యంలో ఛత్రపతి పేర పీష్వాలు పాలించారు. మైసూరులో ఒడయారు రాజును నామమాత్రుణ్ణి చేసి 1761 ప్రాంతంలో హైదరాలీ సర్వాధికారి అయ్యాడు. మొగలు సామ్రాజ్యం సడలిపోతున్న వేళ వంశగౌరవం ఒకరిదగ్గర, సైన్యమూ ఖజానా మరొకరిదగ్గర ఉండటం పలుచోట్ల కనిపిస్తుంది. సీతారామరాజు ప్రాభవాన్ని కూడా ఈ విస్తృత నేపథ్యంలోనే చూడాలి.

2. పాచిపెంట: కనుమ ముఖద్వారం

నేటి పార్వతీపురం మన్యం జిల్లాలో, సాలూరుకు సమీపంలో, తూర్పు కనుమల పాదాన పాచిపెంట ఉంది. ఈ ప్రాంతం మీదుగానే సుంకి, పొట్టంగి దారిగా కొరాపుట్, జయపురం పీఠభూమికి బాట ఎక్కుతుంది. నేటి విశాఖపట్నం–రాయపూర్ జాతీయ రహదారి కూడా సాలూరు దాటి పాచిపెంట మండలంలోని పి. కోనవలస వద్ద కొండెక్కుతుంది. రహదారులు లేని కాలంలో బంజారా వర్తకుల పెరికెద్దుల బిడారులు మైదానపు ఉప్పును కొండమీదికి చేరవేసి, పైనుంచి ధాన్యాన్ని దించేవి. కనుమ ఎవరి అధీనంలో ఉంటే సుంకం వారిది. పైనుంచి దండు దిగాలన్నా, కిందినుంచి దండు ఎక్కాలన్నా వారి అనుమతి కావలసిందే.

ఈ కారణంచేతనే పాచిపెంట జమీందారులకు జయపురం రాజుల కొలువులో ప్రత్యేక స్థానం దక్కింది. ‘దక్షిణ కవాట యువరాజు’ అన్నది వారి బిరుదు. దక్షిణపు తలుపును కాచేవాడని దాని భావం. ఆ జమీందారు జయపురానికి ప్రధానంగా చెల్లించింది కాపలా సేవ. రొక్కం దాని తరువాతి మాట. జాతాపులు, కొండదొరలు, గదబలు, కోదులు నివసించే గూడేల మీద అధికారం నాయకుల ద్వారా, దొరల ద్వారా అంచెలంచెలుగా నడిచేది. పోడు వ్యవసాయం మీద బతికే ఆ జనానికీ జమీందారుకూ నడుమ ఉన్న బంధం మామూళ్లతో, సేవతో ముడిపడినది. పంటను లెక్కగట్టి ఏటా రొక్కం రాబట్టే పద్ధతికి ఆ వ్యవస్థలో చోటు తక్కువ. సీతారామరాజు పాలన ఢీకొన్నది ఈ వ్యవస్థనే.

3. అధికారానికి దారి (1757–1761)

బొబ్బిలి యుద్ధానంతరం విజయనగర పాలకుడైన ఆనందగజపతిరాజు ఫ్రెంచివారి స్నేహాన్ని విడిచి ఆంగ్లేయుల పక్షం వహించాడు. 1758లో విశాఖపట్నాన్ని ఫ్రెంచివారినుంచి పట్టుకొని ఆంగ్లేయులకు అప్పగించాడు. బెంగాలునుంచి క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు సేనతో కలిసి ఆ ఏడాది డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం ఆంగ్లేయుల వశమైంది. ఆ విజయాల మరుసటి ఏడాది ఆనందరాజు మరణించాడు.

వారసుడు లేకపోవడంతో పెద విజయరామరాజు భార్య పూసపాటి వంశంలోని పన్నెండేళ్ల బాలుణ్ణి దత్తత చేసుకున్నది. విజయరామరాజు అన్న పేరుతోనే అతనికి పట్టాభిషేకం జరిగింది. ఆ బాలునికి జన్మసంబంధంచేత అన్న అయిన సీతారామరాజు దివాను పదవిని స్వీకరించాడు. దత్తత తమ్ముణ్ణి రాజును చేసింది, అన్నను కొలువులో ఒక ఉద్యోగిగా నిలిపింది. వయసు, అనుభవం, సాహసం అన్నవైపు ఉండగా హక్కు మాత్రం తమ్మునిది. తరువాతి మూడు దశాబ్దాల కలహానికి బీజం ఈ ఏర్పాటులోనే ఉంది.

1761లో విజయనగర సేనలు పర్లాకిమిడి సంస్థానంపై దండెత్తి, శ్రీకాకుళం సమీపంలో దాని బలాలను ఓడించాయి. ఈ విజయంతో కొత్త దివాను పలుకుబడి సంస్థానం లోపల, వెలుపల కూడా స్థిరపడింది. ఇకమీదట రాజముద్ర తమ్మునిదైనా ఆజ్ఞ అన్నదే అయింది.

4. పాలనాయంత్రం: సైన్యం, శిస్తు, చెర

సీతారామరాజు అధికారం మూడు ఆధారాల మీద నిలిచింది. మొదటిది సైన్యం. కంపెనీ నియమించిన పర్యటన సంఘం 1784లో పరిశీలించేనాటికి విజయనగర సంస్థానం పోషిస్తున్న బలగం పన్నెండు వేలకు పైబడి ఉంది. ఒక జమీందారీకి శాంతిభద్రతల నిర్వహణకు అంత బలగం అవసరం లేదు. పొరుగు సంస్థానాలను లొంగదీయడానికి, లొంగినవాటిని అణచి ఉంచడానికి ఏర్పడిన సేన అది.

రెండోది శిస్తు. సైన్యానికి జీతాలివ్వాలి, ప్రభుత్వానికి పేష్కషు చెల్లించాలి. ఈ రెండు ఖర్చులూ మైదాన గ్రామాల రాబడితో తీరేవి కావు. అందువల్ల కొత్త ప్రాంతాలను కలుపుకోవలసి వచ్చింది. కలుపుకున్న ప్రాంతాన్ని కాచుకోవడానికి మరింత సైన్యం కావాలి, ఆ సైన్యానికి మరింత రాబడి కావాలి. ఇది ఎక్కడా ఆగని చక్రం. ఆ చక్రం చివరకు కొండల అంచును తాకింది.

మూడోది చెర. విజయనగరం కొండ జమీందారులను కేవలం ఓడించి వదిలిపెట్టలేదు, వారిని తమ స్థానాలనుంచి తొలగించింది. పాచిపెంట జమీందారీ స్వాధీనమై, ఆ కుటుంబంవారు విజయనగరం కోటలో బందీలయ్యారు. బొబ్బిలి వారసుడు చినరంగారావు కూడా బందీగా ఉండి, తప్పించుకొని నిజాము రాజ్యంలో తలదాచుకున్నాడు. జయపురం మీద హక్కును కూడా విజయనగరం ప్రకటించుకున్నది. 1775లో కంపెనీ దళం కొండెక్కి జయపురం కోటను ధ్వంసం చేయడం ఆ హక్కును నిలబెట్టే ప్రయత్నంలో భాగమే.

జమీందారును చెరబట్టడం కొండ గూడేలకు దూరపు వార్త కాదు. కనుమ కాపలాకు బాధ్యుడైనవాడు లేకపోతే బిడారుల రాకపోకలకు పూచీ ఉండదు. మామూళ్ల ద్వారా నడిచే బంధం తెగి, ఆ స్థానంలో మైదానంనుంచి వచ్చే వసూలుదారు నిలుస్తాడు. వసూలుదారునికి కావలసింది రొక్కం. పోడు రైతు దగ్గర లేనిది కూడా అదే. విజయనగర దండు కొండలను గెలిచింది కాని, కొండల మీద పాలనను నిర్మించలేకపోయింది. చెరసాలలో ఉన్న జమీందారు పట్ల అతని మనుషుల విధేయత చెదరలేదన్న సంగతి 1794 తరువాతి పునరుద్ధరణలో స్పష్టమవుతుంది.

5. మద్రాసు అండ

ఉత్తర సర్కార్లు 1765 నాటి మొగలు ఫర్మానాతోను, 1766లో నిజాముతో జరిగిన ఒడంబడికతోను ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి. కంపెనీకి కావలసింది ఏటా చేతికందే పేష్కషు. అంత పెద్ద సంస్థానాన్ని అదుపులో ఉంచి సొమ్ము చెల్లించగల సమర్థుడు సీతారామరాజు ఒక్కడే అన్న అభిప్రాయం మద్రాసు అధికారులలో చాలాకాలం ఉండేది. దివానుకు కంపెనీ పలుకుబడి, కంపెనీకి దివాను వసూళ్లు అవసరమయ్యాయి.

పెరిగి పెద్దవాడైన విజయరామరాజు అన్న పెత్తనాన్ని సహించలేకపోయాడు. అన్నదమ్ముల కలహం మద్రాసు చేరింది. జమీందారీల స్థితిగతులను అక్కడికక్కడే విచారించడానికి ఏర్పడిన పర్యటన సంఘాన్ని గవర్నరు సర్ థామస్ రంబోల్డు 1778లో రద్దు చేసి, జమీందారులందరినీ మద్రాసుకు రమ్మని ఆజ్ఞాపించాడు. వందల మైళ్ల ప్రయాణపు ఖర్చు, నగరంలో నెలల తరబడి కాపురం జమీందారులకు పెనుభారమయ్యాయి. రాజధానిలో పలుకుబడి ఉన్నవారిని ఆశ్రయించక తప్పని స్థితి ఏర్పడింది. సీతారామరాజు ఆ పరిస్థితిని తనకు అనుకూలంగా మలచుకున్నాడు. విజయరామరాజు ఇష్టానికి వ్యతిరేకంగా అన్నను దివానుగా అంగీకరించవలసి వచ్చింది.

ఆ నియామకం వెనుక నడిచిన వ్యవహారం కొన్నాళ్లకు బయటపడింది. రంబోల్డు ఆంతరంగిక కార్యదర్శి రెడ్‌హెడ్ మరణించాక అతని కాగితాలలో ఒక పత్రం కనిపించింది. తనకు దివానుగిరి మొదలైన పనులు సాధించిపెడితే లక్ష రూపాయలు చెల్లిస్తానని సీతారామరాజు రాసియిచ్చిన పత్రమది. కంపెనీ డైరెక్టర్లు రంబోల్డును 1781లో పదవినుంచి తొలగించారు. బ్రిటిష్ పార్లమెంటులో అతనిపై శిక్షా బిల్లు ప్రవేశించింది కాని, అది పూర్తికాకుండానే వీగిపోయింది.

ఈ ఘట్టంలో గమనించవలసిన అంశం ఒకటుంది. కత్తితో సంపాదించిన అధికారాన్ని నిలుపుకోవడానికి సీతారామరాజు సొమ్ము చెల్లించవలసిన దశకు చేరాడు. పొరుగువారు, సోదరుడు, కొండ దొరలు అందరూ దూరమయ్యాక అతనికి మిగిలిన అండ మద్రాసు ఒక్కటే. ఆ అండ కూడా గవర్నరు మారితే మారిపోయేది.

6. పతనం

1784 నాటి పర్యటన సంఘం నివేదిక సీతారామరాజు ప్రాభవానికి తొలి పెద్ద దెబ్బ. అంత సైన్యం ఒక జమీందారు చేతిలో ఉండటం కంపెనీ అధికారానికే ముప్పు అని సంఘం హెచ్చరించి, బలగాన్ని తగ్గించాలని సూచించింది. ఒకనాడు పేష్కషుకు పూచీగా కనిపించిన సేన ఈనాడు అపాయంగా కనిపించింది. సీతారామరాజు కొంతకాలం అధికారానికి దూరమైనా, 1790 ప్రాంతంలో తిరిగి పైచేయి సాధించాడు.

ఆ పునరాగమనం నిలవలేదు. 1791–92లో ఉత్తర సర్కార్లను ఘోరమైన కరవు పట్టి పీడించింది. పంటలు పోయి, ఊళ్లు ఖాళీ అయిన చోట శిస్తు వసూలు కాదు. పేష్కషు బకాయిలు పేరుకుపోయాయి. దివాను సమర్థతకు కంపెనీ పెట్టుకున్న కొలత సకాలంలో సొమ్ము చెల్లింపు ఒక్కటే. ఆ కొలతలో విఫలమయ్యాక అతన్ని నిలబెట్టవలసిన అవసరం కంపెనీకి లేకపోయింది. 1793లో సీతారామరాజును మద్రాసు వెళ్లి నివసించవలసిందిగా ఆజ్ఞాపించి, నెలకు 5,000 రూపాయల భత్యం ఏర్పరచారు. సంస్థానమంతటినీ శాసించినవాడు ఒక్క తూటా పేలకుండానే తెరమరుగయ్యాడు. అతనికోసం పితూరి లేవదీసిన కొండ దొర గాని, అడ్డుపడిన సామంతుడు గాని కనిపించడు.

బకాయిల భారం మాత్రం తమ్మునిపై పడింది. కంపెనీ దళాలు విజయనగరం కోటను ఆక్రమించాయి. నెలకు 1,200 రూపాయల భత్యంతో మచిలీపట్నం వెళ్లవలసిందని విజయరామరాజుకు ఆజ్ఞ వచ్చింది. అతడు లొంగలేదు. బంధువులతో, అనుచరులతో విజయనగరానికీ భీమునిపట్నానికీ నడుమనున్న పద్మనాభం చేరి విడిదిచేశాడు. 1794 జూలై 10 తెల్లవారుజామున కర్నల్ ప్రెండర్‌గాస్టు నాయకత్వంలోని సిపాయిలు దాడి చేశారు. గంటలోపే ముగిసిన ఆ పోరాటంలో విజయరామరాజు, అతనితో నిలిచిన మూడువందల మందికి పైగా వీరులు మరణించారు. పాలించినవాడు మద్రాసులో భత్యం పుచ్చుకుంటుండగా, పాలనకు నోచుకోనివాడు దాని మూల్యం చెల్లించాడు.

7. పద్మనాభం తరువాత మన్యం

విజయరామరాజు కుమారుడు నారాయణబాబు కొండ సంస్థానాల వైపు వెళ్లి ఆశ్రయం పొందాడు. తండ్రి తరంలో అణగదొక్కబడిన ప్రాంతమే కుమారునికి నీడనివ్వడం విశేషం. కొండ జమీందారుల ఆగ్రహం పూసపాటి వంశం పట్ల గాక, దివాను పద్ధతి పట్ల ఉన్నదని దీనివల్ల ఊహించవచ్చు. మైదానపు రాజు కన్న కంపెనీ పెద్ద శత్రువన్న ఆలోచన కూడా అందులో ఉండవచ్చు.

కంపెనీ నారాయణబాబుతో సంధి చేసుకొని, తగ్గించిన సంస్థానాన్ని తిరిగి ఇచ్చింది. పాచిపెంట, సాలూరు, బొబ్బిలి, కురుపాం, మాడుగుల మొదలైన సంస్థానాలను విజయనగరంనుంచి విడదీసి, పాత కుటుంబాలకు అప్పగించి, వాటితో నేరుగా వ్యవహరించసాగింది. 1802 నాటి శాశ్వత పరిష్కారంలో విజయనగరానికి 1,157 గ్రామాలు మిగిలి, పేష్కషు ఐదు లక్షల రూపాయలుగా స్థిరపడింది.

పాచిపెంటకు జమీందారు తిరిగి వచ్చాడు కాని, పాత ‘దక్షిణ కవాటం’ తిరిగి రాలేదు. ఒకనాడు కనుమ కాపలాతో తీరిన బాధ్యత ఇప్పుడు కంపెనీ ఖజానాకు గడువులోగా చెల్లించే రొక్కంగా మారింది. చెల్లించకపోతే జమీందారీ వేలానికి వస్తుంది. కొండ మనుషుల్ని రొక్కపు లెక్కలోకి లాగే పని సీతారామరాజు దండుతో మొదలై, కంపెనీ చట్టంతో స్థిరపడింది. ఆ ఒత్తిడి విశాఖ మన్యంలో 1830ల నాటి పితూరులుగా బద్దలైంది. వాటిని అణచడానికి వచ్చిన జార్జి రస్సెల్ సూచనల ఫలితంగా 1839లో 24వ చట్టం వెలువడి, కొండ ప్రాంతాలు సాధారణ న్యాయస్థానాల పరిధినుంచి తొలగి, గవర్నరు ఏజెంటుగా కలెక్టరు పాలనలోకి వచ్చాయి. ‘ఏజెన్సీ’ అన్న మాట ఉత్తరాంధ్ర ప్రజల వాడుకలో నేటికీ నిలవడానికి మూలమిదే.

8. ఆధారాలు, సాహిత్య సాక్ష్యం

సీతారామరాజు గురించి లభించే వివరాలు ప్రధానంగా కంపెనీ పత్రాలనుంచి, వాటిపై ఆధారపడిన కార్మైకేలు మాన్యువల్ (1869), ఫ్రాన్సిస్ గెజిటీరు (1907) వంటి గ్రంథాలనుంచి వచ్చినవి. వాటిలో అతడు తెలివైనవాడుగా, దురాశాపరుడుగా, కుటిలునిగా చిత్రితుడయ్యాడు. ఈ చిత్రణను యథాతథంగా స్వీకరించడానికి వీల్లేదు. దివానును దుష్టునిగా చూపడంవల్ల అతన్ని ఇరవై ఏళ్లకు పైగా ఆదరించిన కంపెనీ తన బాధ్యతను తప్పించుకోగలిగింది. రంబోల్డు వ్యవహారం ఆ బాధ్యతకు సాక్ష్యం.

మరోవైపు తెలుగు సాహిత్య సంప్రదాయం కంపెనీ పత్రాలతో సంబంధం లేకుండానే ఇటువంటి అభిప్రాయాన్ని అందించింది. విజయనగర ఆస్థానంతో సంబంధమున్న అడిదము సూరకవి తన ‘రామలింగేశ శతకం’లో నాటి దుష్పరిపాలనను అధిక్షేపించాడని, ఆ అధిక్షేపానికి లక్ష్యం సీతారామరాజు పాలనేనని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. మొర వినే న్యాయస్థానం లేని కాలంలో దేవునికి చెప్పుకునే శతకమే ప్రజల ఫిర్యాదుకు రూపమైంది. అయితే సూరకవి గొంతు మైదానపు గొంతు. చెరలో మగ్గిన పాచిపెంట జమీందారు మాట గాని, వసూలుదారును చూసి అడవిలోకి తప్పుకున్న గూడెపు మనిషి మాట గాని లిఖితసాహిత్యంలోకి రాలేదు.

9. ముగింపు

సీతారామరాజు ఎదుగుదలకు తమ్ముని బాల్యం, సైన్యబలం, కంపెనీ అవసరం తోడ్పడ్డాయి. తమ్ముడు పెద్దవాడై ప్రత్యర్థి అయ్యాడు. సైన్యం కంపెనీకి కంటగింపైంది. కరవువల్ల సొమ్ము నిలిచిపోగానే కంపెనీ అవసరం తీరిపోయింది. కొండ సంస్థానాలను తొలగించడంవల్ల ఆపదలో నిలబడగల మిత్రులు అతనికి లేకపోయారు. ఈ చివరి కారణాన్ని చరిత్ర రచనలు అంతగా పట్టించుకోలేదు. పాచిపెంట వంటి చోటునుంచి చూసినప్పుడే దాని ప్రాధాన్యం తెలుస్తుంది.

దివాను పాలన అతనితో ముగిసినా, అతడు కొండల అంచుకు తెచ్చిన రొక్కపు శిస్తు పద్ధతి అతనితో పోలేదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వరకు అది జమీందారీ రూపంలో కొనసాగింది. కాబట్టి ఒక నిరంకుశ పాలకుని పతనాన్ని అతని పదవీచ్యుతి తేదీతో ముగించక, అతడు నెలకొల్పిన వసూలు యంత్రాంగం ఎవరి చేతికి చేరిందో, ఎంతకాలం సాగిందో కూడా పరిశీలించినప్పుడే ఆ చరిత్ర సంపూర్ణమవుతుంది. విశాఖ మన్యంలోని తక్కిన సంస్థానాల చరిత్రలను, గిరిజన మౌఖిక సాహిత్యాన్ని ఈ దృష్టితో సేకరించి పరిశీలించవలసిన అవసరం ఉంది.